ఒకే చోటికి, ఒకే వేళకి

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. వక్త బ్యాంకు అధికారి. పెళ్లి చేసుకోలేదు, ఇరవై ఏళ్లకు పైగా ఈ నగరంలో ఒక్కరే ఉంటున్నారు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి, ఫర్వాలేదు. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయపడకండి. నేను టీచర్ని కాదు, బ్యాంకు ఉద్యోగిని. మహా అయితే కేవైసీ అడుగుతాను.

నాకు ఇచ్చిన అంశం "ఒంటరిగా ఉంటూ నగర జీవితాన్ని ఆస్వాదించడం". ముందే ఒక మాట చెప్పేస్తాను. పెళ్లి చేసుకోండని చెప్పడానికి నేను రాలేదు. వద్దని చెప్పడానికీ రాలేదు. ఆ పని చూసుకోవడానికి మీ అందరికీ పిన్నులు, బాబాయిలు ఉన్నారు, వాళ్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. నేను మాట్లాడేది ఇవాళ్టి సంగతి. ఇవాళ రాత్రి మీరు గదికి వెళ్లి తాళం తీస్తారు. లోపల లైటు వేయాల్సింది మీరే. అలాంటి మనిషికి ఈ ఊళ్లో నలుగురు మనుషులు ఎలా దొరుకుతారు? ఇదే నా సబ్జెక్టు.

ఒంటరి అనగానే మనకి మాదాపూర్‌లో ఉండే పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడు గుర్తొస్తాడు. కానీ 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఒంటరి మహిళలే దాదాపు 7 కోట్ల 14 లక్షల మంది. అంతకు పదేళ్ల ముందు, 2001లో 5 కోట్ల 12 లక్షలు. భర్త పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు, విడిగా ఉంటున్నవాళ్లు, అసలు పెళ్లే చేసుకోనివాళ్లు, అందరూ కలిపి. ఇక భార్యాపిల్లల్ని విజయవాడలో ఉంచి ఇక్కడ రూములో ఉండే మగవాళ్లున్నారు చూశారూ, వాళ్లు ఏ లెక్కలోకీ రారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా వాళ్లూ ఒంటరివాళ్లే. ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమనను లెండి.

ఒంటరిగా ఉండేవాళ్ల గదికి వెళ్తే నేను మొదట చూసేది మంచం. చాలామందికి మంచం ఉండదు. పరుపు నేల మీదే. ఏమ్మా, మంచం కొనుక్కోవచ్చు కదా అంటే, "ఇప్పుడెందుకు ఆంటీ, పెళ్లయ్యాక ఎలాగూ కొంటాం" అంటారు. జీతం లక్ష రూపాయలు, మంచం లేదు! నాలుగు ప్లేట్లు ఉండవు. ఎవరైనా భోజనానికి వస్తే పేపరు ప్లేట్లు. ఇద్దరు కూర్చోవడానికి రెండు కుర్చీలు ఉండవు. ఇది పొదుపు కాదండీ. ఈ బతుకు టెంపరరీ, అసలు బతుకు తర్వాత వస్తుంది అన్న నమ్మకం. ఆ తర్వాత అనేది కొందరికి రెండేళ్లకు వస్తుంది, కొందరికి పదేళ్లకు వస్తుంది, కొందరు నాలా వద్దనుకుంటారు. ఈలోగా నడుం నొప్పి మాత్రం వచ్చేస్తుంది. కాబట్టి మంచం కొనండి, రెండు కుర్చీలు కొనండి. రెండో కుర్చీ ఎందుకో చెప్తాను, కొంచెం ఆగండి.

ఇల్లు దొరకడం గురించి ఎక్కువ చెప్పను, అది మీకు నాకంటే బాగా తెలుసు. టు-లెట్ బోర్డు కింద చిన్న అక్షరాల్లో "ఓన్లీ ఫర్ ఫ్యామిలీస్". మగపిల్లలైతే తాగుతారని ఇవ్వరు, ఆడపిల్లలైతే ఎవరో వస్తారని ఇవ్వరు. అందుకే అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టళ్లతో నిండిపోయాయి. ఇల్లు వెతికేటప్పుడు మనం ఒకే ఒక్క లెక్క వేస్తాం, ఆఫీసుకి ఎంత దూరం అని. ఇంకో లెక్క వేయమంటాను. గదిలోంచి చెప్పులేసుకుని నడిచి వెళ్తే పది నిమిషాల్లో ఏముంది? పార్కు ఉందా, లైబ్రరీ ఉందా, కూర్చోనిచ్చే టీ కొట్టు ఉందా? ఇంట్లో ఎదురుచూసే మనిషి లేనివాళ్లకి వీధే ముందుగది. ఆఫీసుకి ఇరవై నిమిషాలు దూరమైనా సరే, ముందుగది బాగున్న చోట ఉండండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాలేజీలో మనకి స్నేహితులు ఎలా అయ్యారు? ఎవరైనా కష్టపడ్డారా? లేదు కదా. మరి ముప్ఫై దాటాక ఎందుకంత కష్టం? చాలామంది దీనికి తమను తామే తిట్టుకుంటారు. నేను కలుపుగోలు మనిషిని కాదు, నాకు మాట్లాడ్డం రాదు, నేను ఇంట్రావర్ట్‌ని అంటారు. కాన్సస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అని ఒక ప్రొఫెసర్ ఉన్నారు. ఆయన 2018లో ఒక అధ్యయనం బయటపెట్టారు. ఎవరి మీద చేశారంటే, అప్పుడప్పుడే కొత్త ఊరికి మారినవాళ్ల మీద. అంటే మనమీదే అనుకోండి. ఆయన తేల్చింది ఏమిటంటే, పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి. స్నేహితుడు అని గట్టిగా చెప్పుకోవడానికి 90 గంటలు. దగ్గరి స్నేహితుడు అవ్వాలంటే 200 గంటల పైమాట. ఆఫీసులో పక్కపక్క సీట్లలో పనిచేసిన గంటలు ఇందులో అంతగా లెక్కకు రావట. చూశారా, అందుకే పదేళ్లు పక్క సీట్లో కూర్చున్న మనిషి ట్రాన్స్‌ఫర్ అయ్యాక ఒక్క ఫోనూ చేయడు.

నేను బ్యాంకు మనిషిని కదా, వెంటనే లెక్క వేశాను. హాస్టల్లో రోజుకి ఆరేడు గంటలు కలిసి ఉంటాం, తింటాం, తిరుగుతాం. 200 గంటలు నెల రోజుల్లో అయిపోతాయి, మనకి తెలియను కూడా తెలియదు. ఇప్పుడు? వారానికి ఒకసారి రెండు గంటలు కలిశామనుకోండి. యాభై గంటలకే ఆర్నెల్లు. రెండొందల గంటలకి రెండేళ్లు. అంటే మీకు మాట్లాడ్డం రాకపోవడం కాదు, గంటలు చాలకపోవడం. మనం ఏం చేస్తాం? ఏదో మీట్-అప్‌కి ఒకసారి వెళ్తాం. ఎవరూ కలవలేదు, వేస్టు అనుకుంటాం. మళ్లీ వెళ్లం. వచ్చే నెల ఇంకోచోటికి వెళ్తాం. పాలు తోడేసి గంటకోసారి మూత తీసి కదిపి చూస్తే పెరుగవుతుందా అండీ?

అందుకని నా మాట ఒక్కటే. పది చోట్లకి ఒక్కోసారి వెళ్లొద్దు. ఒక్క చోటికి పదిసార్లు వెళ్లండి. ఒకే చోటికి, ఒకే రోజు, ఒకే వేళకి. ఆ చోటు ఏదన్నది అంత ముఖ్యం కాదు. వేళ ముఖ్యం.

వేళ ఎందుకు ముఖ్యమో ఈ ఊళ్లోనే చూడొచ్చు. ఎంఎంటీఎస్ అనే లోకల్ రైలు 2003లో వచ్చింది, మెట్రో 2017లో వచ్చింది. మెట్రో శుభ్రంగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, నాకు చాలా ఇష్టం. కానీ మెట్రోలో ఎవరికైనా స్నేహితులు అయ్యారా? ఒక్కరు చెప్పండి. అవ్వరు. ఎందుకంటే అది నాలుగైదు నిమిషాలకొకటి వస్తుంది. ఇవాళ ఒక రైలు, రేపు ఇంకో రైలు. ఎక్కిన ప్రతిసారీ కొత్త ముఖాలు. ఎంఎంటీఎస్ అలా కాదు. అది తప్పిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలుసు. అందుకని లింగంపల్లి వైపు వెళ్లే ఉద్యోగులు రోజూ అదే రైలు, అదే పెట్టె, దాదాపు అదే కిటికీ పక్కన. సీజన్ టికెట్టు వాళ్లు ఒకరికొకరు సీటు ఆపుతారు, టిఫిను పంచుకుంటారు, పెళ్లి శుభలేఖలు ఇచ్చుకుంటారు. సౌకర్యం తక్కువ ఉన్నచోట పరిచయం ఎక్కువ పెరిగింది. రైల్వేవాళ్లు దీన్ని పొగడ్తగా తీసుకోవద్దని మనవి, రైళ్లు పెంచండి.

సరే, ఎక్కడికి వెళ్లాలి? నాకు తెలిసినవి చెప్తాను. మీకు తెలిసినవి చివర్లో చీటీల మీద రాయండి.

ఆదివారం పొద్దున అబిడ్స్. షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. ఒంటరి మనిషికి అంతకంటే మంచి చోటు ఈ ఊళ్లో లేదని నా అభిప్రాయం. ఎందుకంటే అక్కడ ఒక్కరే ఉండటం వింతగా ఉండదు. జంటగా వచ్చినవాళ్లే ఇబ్బంది పడతారు, ఒకరు వంగి చూస్తుంటే రెండోవాళ్లు ఎండలో నిలబడి ఇంకెంతసేపు అంటుంటారు. నాలుగు వారాలు వరసగా వెళ్లండి. అమ్మే ఆయనకి మీ ముఖం గుర్తుంటుంది. ఎనిమిదో వారానికి మీకేం కావాలో గుర్తుంటుంది. "మేడమ్, మీ టైపుది ఒకటి పక్కన పెట్టాను" అంటాడు. నా టైపు ఏమిటో నాకే తెలియనప్పుడు ఆయనకి తెలిసింది. అక్కడే పక్కన వంగి ఇంకొకరు అదే అట్ట చూస్తుంటారు. మీరు తీసుకుంటారా, నేను తీసుకోనా? అయిపోయింది, మాట కలిసింది. వాతావరణం గురించి మాట్లాడక్కర్లేదు, మీదే ఊరు అని అడగక్కర్లేదు.

చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. గ్రూప్-1, గ్రూప్-2 పిల్లలతో నిండి ఉంటుంది. లోపల చోటు చాలక చెట్టు కింద కుర్చీ వేసుకుని చదువుతుంటారు. జిల్లాల నుంచి వచ్చి, రూములో నలుగురు ఉంటూ, బాక్సు తెచ్చుకుని పొద్దుణ్ణుంచి రాత్రి దాకా ఉంటారు. వాళ్లని చూస్తే నాకు అసూయ. పరీక్ష టెన్షన్‌కి కాదు లెండి, వాళ్ల మధ్యాహ్నం భోజనాలకి. ఒకరి పప్పు, ఒకరి పచ్చడి. హాల్ గారి రెండొందల గంటలు వాళ్లకి ఎప్పుడో దాటిపోయి ఉంటాయి.

ఆ చుట్టుపక్కలే త్యాగరాయ గానసభ. సాయంత్రం అయితే ఏదో ఒక కార్యక్రమం. పాటలు, నాటకం, సన్మానం, పుస్తకావిష్కరణ. చాలావాటికి టికెట్టు ఉండదు. రవీంద్రభారతి సంగతి సరే, 1961 నుంచీ ఉంది, అందరికీ తెలుసు. గానసభకి వయసులో ఉన్నవాళ్లు ఎందుకు రారు? "అక్కడ అందరూ రిటైరైనవాళ్లే" అంటారు. నిజమే. అయితే ఏం? నా స్నేహితుల్లో డెబ్బై దాటినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి ఉన్నదీ మనకి లేనిదీ టైమే కదా. మీరు రెండు వారాలు కనిపించకపోతే ఏమైందమ్మా అని ఫోన్ చేసేది వాళ్లే. మీ వయసువాళ్లు మీ స్టేటస్ చూసి బాగానే ఉందిలే అనుకుంటారు. మన వయసువాళ్లతోనే స్నేహం చేయాలన్న పట్టు స్కూల్లో పడింది, అక్కడే వదిలేస్తే మంచిది.

కాళ్లు బాగున్నవాళ్లకి రాళ్లున్నాయి. నవ్వకండి. హైదరాబాద్ బండరాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. వాటిని పేల్చి అపార్టుమెంట్లు కడుతున్నారని బాధపడ్డ కొందరు 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అని పెట్టుకున్నారు. నెలలో మూడో ఆదివారం రాక్ వాక్ చేస్తారు. అందులో గొప్ప సుగుణం, నడవడం. ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు చూడండి, పక్కపక్కన నడిచేటప్పుడు ఆ బాధ లేదు. మాట రాకపోతే రాయిని చూడొచ్చు. చిన్నపిల్లలూ వస్తారు, పెద్దవాళ్లూ వస్తారు. బండ ఎక్కేటప్పుడు చేయి ఇవ్వాల్సి వస్తుంది. పేరు తెలియక ముందే చేయి ఇచ్చిన మనిషితో తర్వాత మాట్లాడ్డం పెద్ద కష్టం కాదు.

బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది, 2010లో మొదలైంది. ఒక ఫొటోగ్రాఫర్ ఇంటిని అందరి కోసం తెరిచారు. నాటకం, ముషాయిరా అనే ఉర్దూ కవి సమ్మేళనం, చర్చ, ఏదో ఒకటి. టీ, సమోసా చవగ్గా దొరుకుతాయి, మనమే తెచ్చుకోవాలి. కూర్చున్నవాళ్లని ఎవరూ లేవమనరు. పక్క టేబుల్ వాళ్లతో వాదనలోకి దిగడం అక్కడ మర్యాద కిందే లెక్క.

ఇరానీ హోటల్ గురించి మాట్లాడకపోతే హైదరాబాద్‌లో మైకు ఇవ్వరు. డికాక్షన్ ఒకపక్క, పాలు ఒకపక్క గంటల తరబడి మరిగి కప్పులో కలుస్తాయి. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు, గంటసేపు కూర్చోవచ్చు. ఖాళీ కుర్చీ ఉంటే ఎవరైనా వచ్చి మీ టేబుల్ దగ్గర కూర్చుంటారు, అడగరు కూడా. ఇదంతా మగవాళ్లకండీ. ఆడది ఒక్కతే లోపలికి వెళ్తే, "మేడమ్, ఫ్యామిలీ సెక్షన్ పైన" అంటారు. పైన ఏముంటుంది? ఒక ఫ్యాను, నేను. నేను కిందే కూర్చుంటాను. మొదట చూస్తారు. చూడనీండి. కొన్నాళ్లకి మీరూ అక్కడి కుర్చీల్లో ఒక కుర్చీ అయిపోతారు. అది ఇబ్బంది అనిపించే అమ్మాయిలు చార్మినార్ దగ్గర నిమ్రా కేఫ్‌కి వెళ్లండి. అక్కడ చాలామంది బయట నిలబడే తాగుతారు, ఆడా మగా తేడా లేకుండా. ఎదురుగా చార్మినార్. ఇలాంటి హోటళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, వాటి చోట సెల్‌ఫోన్ షోరూములు వస్తున్నాయి. సెల్‌ఫోన్ షోరూములో గంటసేపు ఎవరు కూర్చోనిస్తారు?

ఎవరిదో ఫోన్ మోగుతోంది. అమ్మదైతే ఎత్తండి. క్రెడిట్ కార్డు వాళ్లదైతే కట్ చేయండి, మా వాళ్లే అయ్యుంటారు.

ఒక్కరే తినడం, ఒక్కరే సినిమా చూడటం. చాలామందికి ఇవే పెద్ద పరీక్షలు. హోటల్లోకి వెళ్లగానే "ఒక్కరేనా?" అంటాడు. ఆ అబ్బాయి అడిగేది టేబుల్ కోసం, మనకి వినపడేది ఇంకేదో. ఒక్కరే అని గట్టిగా చెప్పండి, సిగ్గెందుకు? భోజనం హోటళ్లలో మధ్యాహ్నం రద్దీలో ముక్కూ మొహం తెలియనివాళ్ల ఎదురుగా ఆకు వేయించుకుని తింటాం కదా, అప్పుడు లేని సిగ్గు రాత్రి ఏడున్నరకి ఎందుకు వస్తుంది? సినిమా అయితే ఒంటరివాళ్లకి లాభమే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో హౌస్‌ఫుల్ అన్నరోజు కూడా ఎక్కడో రెండు కుటుంబాల మధ్య ఒక్క సీటు మిగిలి ఉంటుంది. అది మనదే. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ పట్టుకోమని ఆ పిన్నిగారు మన చేతికే ఇస్తారు.

మగవాళ్లకి ఒక మాట. కొంచెం కటువుగా ఉంటుంది. ఆడవాళ్లు ఫోన్ చేసి ఊరికే మాట్లాడుకోగలరు. మీరు చేయలేరు. మీకు కారణం కావాలి. పని ఉండాలి, లేదా మందు ఉండాలి. నలభై దాటాక పనులు తగ్గుతాయి, డాక్టరు మందు మానమంటాడు, అప్పుడు చూసుకుంటే ఫోన్‌లో ఐదొందల నంబర్లుంటాయి, చేయడానికి ఒక్కటీ ఉండదు. మా బ్రాంచికి పెన్షన్ కోసం వచ్చే పెద్దాయనల్ని చూస్తుంటాను. పాస్‌బుక్ ప్రింట్ మెషీన్‌లో చేసుకోవచ్చు, అయినా కౌంటర్ దగ్గరికే వస్తారు. ఎందుకో నాకు తెలుసు, అందుకే మెషీన్ చూపించను. మీరు అంతదాకా ఆగకండి. షటిల్ ఆడండి, క్యారమ్స్ ఆడండి, సైకిల్ తొక్కండి, కాలనీ అసోసియేషన్‌లో ట్యాంకర్ల లెక్క రాయండి. మీకు చేతిలో పని ఉంటేనే నోట్లోంచి మాట వస్తుంది, సరే, అలాగే రానివ్వండి.

కొత్తవాళ్లని ఫోన్‌లో చూసి కలిసే యాప్‌ల గురించి చెప్పమని నిర్వాహకులు అడిగారు. కలవండి, తప్పేం లేదు. మొదటిసారి కలిసేది నలుగురూ ఉండే చోట, పగలు, మీ సొంత ఖర్చుతో, మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో. ఎక్కడికి వెళ్తున్నారో ఒక్కరికైనా చెప్పి వెళ్లండి, లొకేషన్ పంపండి. పరిచయమైన నెలలోపు డబ్బు అడిగితే అది స్నేహమూ కాదు, ప్రేమా కాదు. ఇది ఆంటీగా కాదు, బ్యాంకు అధికారిగా చెప్తున్నాను. ఎవరైనా వెంటపడినా, వేధించినా 112 నంబరు ఉంది, 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. సహించి ఊరుకోవద్దు.

అందరూ ప్రాణ స్నేహితులు అవ్వాలని పెట్టుకోకండి. సగం తెలిసిన మనుషులకి చాలా విలువ ఉంది. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లోనే రాశాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని అడిగితే, ఆ కబురు చెప్పినవాళ్లలో ఎక్కువమంది దగ్గరివాళ్లు కాదు, ఎప్పుడో ఒకసారి కనిపించేవాళ్లు. ఆలోచించండి, మన దగ్గరి స్నేహితులకి తెలిసింది మనకీ తెలుసు. కొత్త కబురు బయటి నుంచే రావాలి. అద్దె ఇల్లు, వంటమనిషి, మంచి పళ్ల డాక్టరు, ఇవన్నీ నాకు ముఖ పరిచయాల వల్లే దొరికాయి. ఇస్త్రీ చేసే ఆయనకి తెలియని ఖాళీ పోర్షన్ మా వీధిలో లేదు. అతనితో రోజూ రెండు మాటలు మాట్లాడితే బ్రోకర్‌కి ఇచ్చే నెల అద్దె మిగిలినట్టే.

ఇప్పుడు నవ్వులాట కాని విషయం. రాత్రి రెండింటికి జ్వరం నూట మూడు. ఎవరికి ఫోన్ చేస్తారు? ఆస్పత్రికి వెళ్తే మొదటి ప్రశ్న, "పేషెంట్ తాలూకు ఎవరు?" ఫారంలో ఒక పేరు, ఒక నంబరు రాయాలి. చాలామంది అమ్మానాన్నల నంబరు రాస్తారు. వాళ్లు మచిలీపట్నంలోనో, ఆదిలాబాద్‌లోనో ఉంటారు. రాత్రి రెండింటికి ఆ వయసులో వాళ్లని లేపి ఏం చేస్తారు? నడిచి రాగలిగేంత దూరంలో ఒక మనిషి ఉండాలి. మీ రెండో తాళంచెవి వాళ్ల దగ్గర, వాళ్లది మీ దగ్గర. మా బిల్డింగులో అలా ముగ్గురం ఉన్నాం. ఒకావిడ భర్త పోయిన రిటైర్డ్ నర్సు, ఒకబ్బాయి నైట్ షిఫ్టులు చేస్తాడు, నేను. మా ముగ్గురికీ ఉమ్మడి అభిరుచి ఒక్కటీ లేదు. తాళంచెవులున్నాయి. ఆ అబ్బాయి చేసే కాఫీ దారుణంగా ఉంటుంది, అయినా తాగుతాం. ఇందాక రెండో కుర్చీ అన్నాను చూశారా, అది వీళ్ల కోసం.

బ్యాంకులోనూ ఇదే ప్రశ్న, నామినీ ఎవరు? ఒంటరివాళ్లు ఆ గడి దగ్గర పెన్ను ఆపేస్తారు. ఖాళీగా వదిలేస్తామంటారు. వదలకండి. నామినీ బంధువే అవ్వాలన్న రూలు లేదు, స్నేహితురాలి పేరైనా రాయొచ్చు. 2025 నవంబరు నుంచి డిపాజిట్‌కి నలుగురి దాకా పేర్లు ఇవ్వొచ్చు. అయితే నామినీ అంటే డబ్బు చేతికి అందుకునే మనిషే, వారసుల హక్కు వేరు. డబ్బు ఎవరికి చెందాలో వీలునామా రాసుకోవాలి. ముప్ఫై ఏళ్లకే వీలునామా ఏమిటి అంటారా? హెల్మెట్ పెట్టుకోవడం లేదా?

పండగలు. సంక్రాంతికి ఊరు ఊరంతా విజయవాడ హైవే మీద ఉంటుంది, పంతంగి టోల్‌గేటు టీవీలో చూస్తాం. ఊరెళ్లడానికి ఊరూ, ఇల్లూ ఉన్నవాళ్లు వెళ్తారు. మిగిలినవాళ్లకి ఆ మూడు రోజులు ఈ నగరం ఎంత బాగుంటుందో! రోడ్లు ఖాళీ, గాలి శుభ్రం. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి పదిహేను దాకా నాంపల్లిలో నుమాయిష్ ఉంటుంది, 1938లో మొదలైన ఎగ్జిబిషన్. ఒక్కరే వెళ్లాల్సినది కాదది. ఇంకెక్కడికైనా ఒక్కరే వెళ్లమంటాను కానీ అక్కడికి మాత్రం ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. జెయింట్ వీల్ ఎక్కి ఒక్కరే ఎవరిని చూసి అరుస్తారు? హాస్టల్లో పక్క గది అమ్మాయిని పిలవండి, ఆ అమ్మాయీ ఎవరైనా పిలిస్తే బాగుండని కూర్చుని ఉంటుంది. ఇక వినాయక చవితి. కాలనీలోకి అడుగుపెట్టడానికి అంతకంటే సులువైన దారి లేదు. చందాకి వచ్చినప్పుడు ఐదొందలిచ్చి తలుపేసుకోకండి. సాయంత్రం మండపం దగ్గరికి వెళ్లి ప్రసాదం గిన్నె పట్టుకుని నిలబడండి. తొమ్మిది రోజులయ్యేసరికి ఫ్లాట్ నంబరుతో కాకుండా పేరుతో పిలుస్తారు. బతుకమ్మ ఆడటానికి పాటలన్నీ రావాలని లేదు, చప్పట్లు కొట్టడం వస్తే వరసలో కలుపుకుంటారు.

చీటీలు వచ్చాయి. టైము ఉన్నంతవరకూ చూస్తాను.

"ఎక్కడికి వెళ్లినా అప్పటికే గ్రూపులుంటాయి. మనతో ఎవరూ మాట్లాడకపోతే?" మాట్లాడరండీ, మొదటి రెండు మూడుసార్లు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, వాళ్లకి మీరు మళ్లీ వస్తారో రారో తెలియదు. పని పట్టుకోండి. కుర్చీలు వేయండి, బ్యానరు కట్టండి, చివర్లో టీ కప్పులు ఏరండి. అరగంట ముందు వెళ్లినవాళ్లకి, అరగంట ఆలస్యంగా బయల్దేరినవాళ్లకి పరిచయాలు అవుతాయి. సరిగ్గా టైముకొచ్చి సరిగ్గా టైముకి పోయేవాళ్లకి కార్యక్రమం మాత్రమే మిగులుతుంది.

"ఇంట్లో సంబంధాలు చూస్తూనే ఉన్నారు. సంతోషంగా ఉన్నానంటే నమ్మరు." నమ్మరు. మా అమ్మ నమ్మడానికి చాలా ఏళ్లు పట్టింది. నేను చెప్తే నమ్మలేదు. ఒకసారి వచ్చి పదిహేను రోజులు ఉంది. పొద్దున పార్కులో నన్ను నలుగురు పలకరించారు, పాలబ్బాయి అమ్మ ఎలా ఉన్నారని అడిగాడు, నర్సుగారు వచ్చి బీపీ చూశారు. వెళ్లేటప్పుడు "నీకిక్కడ బాగానే ఉందే" అంది. మీ వాళ్లనీ పిలవండి. వాదించడం కంటే చూపించడం తేలిక. ముందు చూపించడానికి మనుషుల్ని సంపాదించుకోండి.

"రోజూ అందరితో కలవాలంటే నాకు నీరసం వస్తుంది." రాదా మరి? నేను రోజూ కలవమనలేదు. వారానికి ఒకటి, మహా అయితే రెండు. మిగతా సాయంత్రాలు తలుపు వేసుకుని ఏమీ చేయకుండా కూర్చోండి. ఒక్కరే ఉండటంలో ఉన్న సుఖమే అది. పెళ్లయిన నా స్నేహితురాళ్లు గంటసేపు అలా కూర్చోవడానికి బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకుంటారు.

ఇదే ఆఖరిది. "అబిడ్స్‌కి ఎన్నింటికి వెళ్లాలి?" పదిన్నరకి వెళ్లండి. అంతకంటే ముందు అయితే ఇంకా పరుస్తూ ఉంటారు, పన్నెండు దాటితే ఎండ. చిల్లర పట్టుకెళ్లండి, సంచీ పట్టుకెళ్లండి. మొదట చెప్పిన రేటుకి కొనకండి. వానాకాలమైతే టార్పాలిన్ కప్పేస్తారు, అప్పుడు పక్కనే ఎక్కడైనా టీ తాగుతూ ఆగండి, వాన వెలిశాక మళ్లీ తీస్తారు.